కాలర్ మాస్టారి పట్టీ

ఆ టైలర్‌ని అందరూ కాలర్ మాస్టారనేవాళ్లు. కాలర్ లోపల వేసే గట్టిగుడ్డ మీద ఆయన ఇస్త్రీపెట్టె అదిమాడంటే, జిగురు కరిగి, చొక్కా చిరిగినా కాలర్ ఊడేది కాదు.

ఆయనకొచ్చిన క్యాన్సర్ ఎముకల్లోకి పాకి నడుము పట్టేసింది. మాత్రలతో లాభం లేక డాక్టరు నొప్పి పట్టీ రాసిచ్చాడు. చర్మానికి అతికిస్తే మందు రోజుల తరబడి మెల్లగా ఒంట్లోకి దిగుతుంది. వేడి తగలనివ్వొద్దని నర్సు చెప్పింది గానీ, అంతకుముందే ‘మత్తుమందు జాతిది’ అన్న మాట చెవిన పడింది. ఇక మిగతా మాటలేవీ బుర్రకెక్కలేదు. సిగరెట్టైనా ముట్టని మనిషికి మత్తుమందా! ఎవరికీ చెప్పొద్దని భార్య చేత ఒట్టేయించుకున్నాడు.

ఓ మధ్యాహ్నం చెమటకి పట్టీ అంచు లేచింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే షాపులో అందరూ వింటారు. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? చాటుకెళ్లి, గుడ్డముక్కని ఇస్త్రీపెట్టెతో వేడెక్కించి, భుజం మీదున్న పట్టీపై పెట్టి అదిమాడు. లేచినప్పుడల్లా మళ్లీ అదే వైద్యం. సాయంత్రం పనివాళ్లు వెళ్లిపోయాక భార్య వచ్చేసరికి కత్తిరింపు బల్ల మీద వాలిపోయి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి ఎక్కడో అందీ అందనట్టుంది. ఆవిడ అంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో పట్టీ పీకేసి ఇంజెక్షన్ ఇచ్చారు. స్పృహ వచ్చేసరికి మంచం పక్కన అక్క గొంతు.

“ఏం కలిపి పెట్టావే వాడికి? చాకిరీ చేయలేక వదిలించుకుందామనా?”

“ఏమీ ఇవ్వలేదు వదినా, పట్టీ ఒక్కటే.”

ఆయన కళ్లు తెరవలేదు. నిద్రపోతున్నట్టే పడుకున్నాడు. తెరిస్తే ఆ పట్టీ ఏమిటో అక్కకి చెప్పాలి మరి.

నర్సు వచ్చింది. “ఒక్క పట్టీకి ఇలా అవ్వకూడదమ్మా. కారణం తెలీకుండా పట్టీలు మళ్లీ ఇంటికి ఇవ్వలేం.”

భార్య నుదురు కొట్టుకుంది. “పొద్దున పాత మాత్ర గానీ ఇచ్చేశానేమో సిస్టర్... మతిలేనిదాన్ని.”

చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటోంది. ఆయన కళ్లు తెరిచాడు.

“దాని తప్పేం లేదు. నేనే ఇస్త్రీ చేశాను.”

“చొక్కానా?” అంది నర్సు.

“పట్టీని.”

నర్సు నవ్వలేదు. “వేడి తగిలితే మెల్లగా దిగాల్సిన మందు గబగబా దిగిపోతుంది మాస్టారూ. ఊపిరే ఆగిపోవచ్చు. అంచు లేస్తే టేపు వెయ్యండి. పూర్తిగా ఊడితే కొత్తది ఇంకోచోట వేసి మాకు ఫోన్ చెయ్యండి. నొప్పికి మందు వాడటం తప్పుపని కాదు, దాచుకోవడానికి.”

ఆయన తల ఊపాడు. ఈసారి ప్రతి మాటా ఎక్కింది.

అక్క మాత్రం తమ్ముడి వంకే చూస్తోంది. “అయితే నేను దాన్ని అన్ని మాటలంటుంటే మెలకువగానే ఉన్నావురా?”

“ఉన్నాను.”

దుప్పటి సర్దుతున్న భార్య చెయ్యి ఆగింది. దుప్పటి వదిలేసి, వరండాలోకి వెళ్లి నిలబడింది.