ఐదు శ్రుతిలో మోగిన కరెంటు

2022 ఎండాకాలంలో పాలకొండ దగ్గరి మా ఊరి నుంచి విశాఖపట్నం వచ్చి ఒక ఆర్కెస్ట్రాలో చేరాను. నన్ను తీసుకున్న హోదా రెండో కీబోర్డు. పెళ్లిళ్లకూ, అమ్మవారి పండగలకూ పాడే బృందాల్లో మొదటి కీబోర్డు వాయించేవాడు పాట మధ్యలో వచ్చే వేణువు, వీణ, వయొలిన్ ముక్కలన్నీ చూసుకుంటాడు. రెండోవాడు వెనక నిండుగా వినిపించే తీగల నాదం పట్టి ఉంచుతాడు. చిన్న ప్రోగ్రాం అయితే ముందు తీసేసేది ఆ రెండోవాణ్నే. బృందం నాయకుడు, యాభై దాటిన గాయకుడు సూరిబాబు గారు ఆ సంగతి మొదటి రోజే చెప్పారు.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. పరవాడలో మా మావయ్య పనిచేసే మందుల కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. నాన్న వచ్చే ఉగాది దాకా గడువిచ్చారు. అప్పటికి కీబోర్డు వాయించేవాడిగా నిలబడకపోతే ఆ ఉద్యోగంలో చేరాలి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క గదిలో దిగినప్పుడు నా దగ్గర ఉన్నవి కీబోర్డు, దాని స్టాండు, హెడ్‌ఫోన్లు, మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్. చివరి రెండూ తీసుకురాకుండా ఉండాల్సింది.

మద్దిలపాలెంలో ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో మైకు వైరు తెగింది. తర్వాతి పాటకల్లా అతికించి ఇచ్చాను. ఆ రోజు నుంచి బృందంలో నా పేరు ‘ఇంజినీరు’. రెండో కీబోర్డు అక్కర్లేని ప్రోగ్రాములకు కూడా సూరిబాబు గారు నన్ను రమ్మనేవారు, వైర్ల కోసం. ప్రోగ్రాం మొదలవకముందు ఒక్కొక్క వాద్యం వైరునూ విడిగా, అన్ని శబ్దాలనూ కలిపే మిక్సర్ దాకా పరీక్షించడాన్ని లైన్ చెక్ అంటారు. అది పూర్తిగా నా మీద పడింది. స్టేజీ వెనకే ఎక్కువ ఉండేవాణ్ని, కీబోర్డు ముందు తక్కువ.

మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా అదే ఎత్తిపొడుపు. “ఏరా, అక్కడా వైర్లేనా? ఆ వైర్లేవో మా ప్లాంటులో పట్టుకుంటే ఏసీ గదైనా ఉంటాది.”

రిథమ్ ప్యాడ్ వాయించే అప్పలరాజు మరోలా చెప్పాడు. “బావా, ఆ ఐరను ఇంటికాడ ఒగ్గీసి రా. అది నీ సంచిలో ఉన్నన్నాళ్లు నిన్ను స్టూలు మీద కూకోనివ్వరు.”

అతను అన్నదానికి కారణం ఉంది. ఆర్కెస్ట్రాలో నాలుగో పాట అయ్యాక పరిచయాలు ఉంటాయి. నాయకుడు ఒక్కొక్క వాద్యం పేరూ, వాయించేవాడి పేరూ మైకులో చెబుతాడు. పేరు వినపడగానే ఆ మనిషి తన వాద్యం మీద ఒక చిన్న ముక్క వాయిస్తాడు. పండగ కమిటీలవాళ్లు, ఫంక్షన్ హాళ్ల మేనేజర్లు మనుషుల్ని గుర్తుపెట్టుకునేది అక్కడే. తర్వాతి పిలుపులు దాన్నిబట్టే వస్తాయి. వైర్లు చూసేవాడి పేరు మైకులో చెప్పే ఆనవాయితీ లేదు. సంక్రాంతి వెళ్లి ఉగాది దగ్గరపడుతున్నా నా పేరు ఒక్కసారీ మైకులో రాలేదు.

అప్పుడు భీమిలి రోడ్డులో ఒక జాలరి ఊళ్లో అమ్మవారి పండగ ప్రోగ్రాం వచ్చింది. మొదటి కీబోర్డు ప్రసాద్‌కు అదే రోజు గాజువాకలో ఇంకో ప్రోగ్రాం ఉంది. “ప్రసాదు వచ్చీదాకా నువ్వు నడిపీ. వాడొచ్చేక లెగిసిపో,” అన్నారు సూరిబాబు గారు. నేను ప్రతి పాటకూ శ్రుతి, వేగం, వాడాల్సిన నాదం వరసగా రాసుకుని, గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని అన్నీ సాధన చేశాను. ప్రసాద్ నాలుగో పాట లోపు వస్తే నా సాధనంతా వృథా. ఆ తర్వాత వస్తే పరిచయాల సమయానికి కీబోర్డు ముందు నేనుంటాను.

పడవలు పక్కకు లాగి ఇసుకలో స్టేజీ కట్టారు. సౌండుకు జనరేటరు, లైట్లకు ఊరి కరెంటు. లైన్ చెక్‌లో అంతా బాగానే ఉంది. కానీ మూడో పాటలో లైట్లన్నీ వెలిగేసరికి స్పీకర్లలో ‘బుమ్మ్’మని అడుగు మోత మొదలైంది. లైన్ చెక్‌లో లేనిది అప్పుడు వచ్చిందంటే కారణం నాకు అర్థమైంది. లైన్ చెక్ అయ్యాక, ప్రోగ్రాం మొదలయ్యేలోపు లైట్లవాళ్లు మా మిక్సర్ ప్లగ్గును తీసి ఊరి లైనులో పెట్టి ఉంటారు. వాద్యాలకు ఒక ఎర్తు, మిక్సర్‌కు ఇంకో ఎర్తు అయితే ఆ రెండింటి మధ్యా తిరిగే కరెంటు అలా మోగుతుంది. పోవాలంటే జనం మధ్యలో ఉన్న మిక్సర్ దాకా వెళ్లి, దాన్ని ఆపి, ప్లగ్గు మార్చాలి.

నాలుగో పాట చివర్లో ప్రసాద్ వచ్చి స్టేజీ మెట్ల మీద నిలబడ్డాడు. పాట అవగానే సూరిబాబు గారు మైకు వెనక్కి పట్టుకుని నా దగ్గరికొచ్చారు.

“ఇంజినీరూ, ఏటిరా ఆ మోత? ఎల్లి సూడు. ప్రసాదు కూకుంతాడు.”

“పరిచయాలయ్యాక వెళ్తాను సార్.”

“ప్రసాదొచ్చేక లెగిసిపోమన్నాను కదరా. లెగు.”

“లేవను సార్.”

ఆయన అటూ ఇటూ చూశారు. అప్పలరాజు ఎవరినీ అడగకుండా పరిచయాల దరువు మొదలుపెట్టేశాడు. ఆ దరువు మొదలయ్యాక నాయకుడు మాట్లాడక తప్పదు. ముందు ప్యాడ్‌ను పరిచయం చేశారు. అప్పలరాజు తన ముక్క వాయిస్తుండగా సూరిబాబు గారు మైకును చొక్కాకు అదిమిపట్టి నా వైపు వంగారు.

“నీ పేరేట్రా?”

తొమ్మిది నెలలుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. “భాస్కర్ సార్,” అన్నాను.

ఆలోగా నేను చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. నేను సిద్ధం చేసుకున్న ముక్క రెండున్నర శ్రుతిలో ఉంది. ఆ మోత మీద అది వాయిస్తే అపశ్రుతిగా వినిపిస్తుంది. మన కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. కీబోర్డు మీద ఐదు శ్రుతి షడ్జమం అడుగు స్థాయిలో నలభై తొమ్మిది. తేడా ఒక స్వరస్థానంలో మూడో వంతు. పక్కన పాడేవాళ్లెవరూ లేరు కాబట్టి కీబోర్డు మొత్తం శ్రుతిని ఆ మేరకు పైకి జరిపి, ముక్కను ఐదు శ్రుతికి మార్చాను. అప్పలరాజు వైపు తల ఊపాను. అతను ప్యాడ్ ఆపేశాడు.

“కీబోర్డు మీద, మన పాలకొండ కుర్రోడు, భాస్కర్,” అన్నారు సూరిబాబు గారు.

ఎడమ చేయి వాడలేదు. కుడి చేత్తో వేణువు నాదంలో నెమ్మదిగా వాయించాను. కింద కరెంటు షడ్జమం పట్టి నిలబడింది. ముందు వరసలో కూర్చున్న కమిటీ పెద్ద ఒకాయన లేచి స్టేజీ మీదకు తొంగి చూశాడు. “తంబూరా ఎక్కడెట్టేర్రా ఈల్లు?” అని పక్కాయన్ని అడగడం నాకు వినపడింది. ముక్క అయ్యాక చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాతి పాటకు ముందు శ్రుతిని మళ్లీ మామూలుకు దించాను. అది మరిచిపోతే గాయకుడి పరువు పోతుంది.

ఆరో పాటలో అమ్మవారి ఘటం ఊరేగుతూ వచ్చింది. ఘటం ఎదురుగా వస్తే ఎవరు పాడుతున్నా మైకులు కట్టేయాలి, అది దాటేదాకా డప్పులే మోగాలి. ఆ విరామంలో కిందికి దిగి మిక్సర్ ప్లగ్గును జనరేటరు లైనులోకి మార్చాను. మోత పోయింది. తిరిగి వచ్చేసరికి ప్రసాద్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అది అతని చోటే.

తిరిగి వెళ్తూ వ్యానులో సూరిబాబు గారు “మాటినని మనిషి నాకొద్దు,” అని అప్పలరాజుతో అన్నారు, నాకు వినపడేలాగే. తర్వాతి రెండు ప్రోగ్రాములకు పిలుపు రాలేదు. నేను గదిలో రోజూ సాధన చేశాను. వైర్ల పని కావాలని వేరే బృందాలను అడగలేదు. ఉగాదికి ముందు వారం ఆయనే ఫోన్ చేశారు.

“భాస్కరూ, పక్కూరోళ్లు పండగకి ఆ తంబూరా కీబోర్డు గుంటడే కావాలంతన్నారు. రా. మొదటి కీబోర్డు నీదే. వైర్లకి వేరే మనిషిని ఎట్టేను.”

మావయ్యకు చెబితే, “సర్లే, మరి మా మేనేజరుకి నువ్వు రావని చెప్పీసేదా?” అన్నారు. చెప్పేయమన్నాను.

ఆ తర్వాత నేను స్టేజీ మీద వాయించినదంతా మొదటి కీబోర్డే. పోయిన ఏడాది స్టేజీ పని మానేసి, ఇప్పుడు రికార్డింగులకు వాద్య సంగీతం సిద్ధం చేస్తున్నాను. ఈ వృత్తిలోకి రావాలనుకుని నన్ను అడిగేవాళ్లకు ఒకటే చెబుతాను. చేతనైన పనులన్నీ చేయవచ్చు, వైర్లు కూడా అతకవచ్చు. కానీ ఊరు వదిలి ఏ పని కోసం వచ్చామో అది చేస్తుండగా ఎవరు పిలిచినా ఇంకో పనికి లేవకూడదు. బృందంలో మన హోదా స్థిరపడేది మనం దేనికి లేచామో, దేనికి లేవలేదో చూసే.