నాయుడుపేట దగ్గర సైకిలు దిగాం

నరసరావుపేట కోర్టు వీధిలో మా ఆఫీసు కింద కొత్తగా పంక్చర్ షాపు పెట్టారు. ట్యూబుకు రాసే సొల్యూషన్ వాసన మెట్లెక్కి నేరుగా నా బల్ల దగ్గరికి వస్తుంది. క్లయింట్లు ముక్కు మూసుకుంటారు. నాకైతే ఎస్తేరు టీచర్ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. గురజాలలో మా హైస్కూలు పీఈటీ. పొట్టి మనిషి, ఎండకు మోచేతుల దాకా నల్లబడిన చేతులు, నవ్వితే పన్ను మీద పన్ను. వేసవి సెలవులివ్వగానే పాత గేరు సైకిలు మీద హైవే ఎక్కేవారు. ఒక ఏడు పూరీ, ఇంకో ఏడు హంపి. చీకటి పడే వేళకు పాస్టరుగారి ఇల్లు దొరికితే అక్కడ, లేదంటే పెట్రోలు బంకులో మకాం. మా ఊళ్ళో ఒక వర్గం ఆవిడకు పిచ్చి అనేది, ఇంకో వర్గం మగరాయుడు అనేది. వర్గాలు లేకుండా మాకు ఏ పనీ జరగదు.

నాకు దూరం తొక్కడం నేర్పింది ఆవిడే. ఇంటర్ చదివే రోజుల్లో మొదటిసారి మాచర్ల రోడ్డెక్కించారు. వెనక లారీ హారన్ మోగగానే బెదిరిపోయి, సైకిలుతో సహా మట్టిలోకి దిగిపోయాను. ఆవిడ ఆగి, నా చెయిను సరిచేస్తూ తిట్టారు. "ఒసేయ్ పద్మా, నువ్వు అటూ ఇటూ ఊగితే లారీవోడు ఏం జేస్తాడే? తెల్లగీత పక్కన తిన్నగా పో. మిగతాది వాడు చూసుకుంటాడు." తిరుగు ప్రయాణంలో రెంటచింతల దగ్గర చెరుకురసం తాగేసరికి నా బెదురు పోయింది. లోకం నా మీదికి రావడానికే బయలుదేరలేదని ఆ రోజే తెలిసింది.

లా పూర్తయిన వేసవిలో ఇద్దరం కన్యాకుమారి వెళ్దామనుకున్నాం. ఆ కబురు టీ హోటలుకు చేరింది. మా నాన్నకు పడని మాజీ సర్పంచ్ అక్కడే ఉన్నాడట. "ఆడపిల్ల సైకిలు మీద కన్యాకుమారా? ఒంగోలు దాటితే చానా ఎక్కువ" అన్నాడట. మా నాన్న ఊరుకునే రకమా! "చేరకపోతే నా మీసం తీయించుకుంటా" అని అందరి ముందూ సవాలు విసిరి వచ్చాడు. పల్నాడులో ఆ మాటంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పినా నమ్మరు. టీచర్ మా ఇంటికొచ్చి నాన్నను నిలదీశారు. "తొక్కేది అమ్మాయి, మీసం మీది. ఆ రెంటికీ ముడేంది అన్నయ్యా?" నాన్న మీసం మెలేస్తూ నవ్వాడే తప్ప మాట వెనక్కి తీసుకోలేదు.

బయలుదేరే రోజు బస్టాండు సెంటర్లో నాన్న వాళ్ళు ఫ్లెక్సీ కట్టి, దండలేసి, జెండా ఊపారు. అది చూసి రెండో వర్గానికి పౌరుషం వచ్చింది. టీచర్ ఊరందరి మనిషి కాబట్టి బడి గేటు దగ్గర తామూ జెండా ఊపుతామన్నారు. కన్యాకుమారి దక్షిణాన ఉంటే మేం ముందు ఉత్తరానికి బడి దాకా తొక్కి, అక్కడ మళ్ళీ దండలు వేయించుకుని, మళ్ళీ బస్టాండు మీదుగా వెళ్ళాం. టీచర్ దారంతా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఫ్లెక్సీ మీద నా ముఖం, దాని పక్కన నాన్న మీసం కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున సైకిలెక్కే ముందు నా ముఖంలోకి చూసి, "ఇయాల ఆగుదామా?" అని అడిగేవారు. ఆగుదామంటే కారణం అడగకూడదు, అది ఆవిడ నియమం. చిలకలూరిపేట దగ్గర పెద్ద హైవే ఎక్కాక నేను గాల్లో తేలిపోయాను. ఒంగోలు దాటిన రోజు నాన్న ఫోన్లో గొంతు పెంచి, "ఊరంతా చెప్పానే!" అన్నాడు. కావలి తర్వాత కుడి మోకాలు పట్టేసింది. మర్నాడు టీచర్ అడిగినప్పుడు వద్దన్నాను. ఆ మర్నాడూ వద్దన్నాను. నొప్పి కంటే నాన్న నున్నటి పెదవి ఎక్కువ భయపెట్టింది.

నాయుడుపేట ఇంకా కాస్త దూరం ఉందనగా నీళ్ళకు ఆగాం. కాలు నేల మీద ఆనక, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని వేలాడాను. టీచర్ తన సైకిలు రోడ్డు పక్కన పడుకోబెట్టి నా దగ్గరికి నడిచొచ్చారు. మోకాలు తడిమి చూశారు.

"ఇంత వాచింది! రోజూ అడుగుతున్నా గదే, ఏంది ఇది?"

"నాన్న మీసం, టీచర్..." అని భోరుమన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మీ నాన్న మీసం మీ నాన్న చూసుకుంటాడు. నీ మోకాలు నువ్వు చూసుకో" అని ఫోను తీశారు. "అన్నయ్యా, పిల్ల మోకాలు వాచింది. ఎనక్కి తీసుకొస్తన్నా. అడగటం లా, చెబుతున్నా." అంతే, పెట్టేశారు.

చెన్నైలో సున్నం దించి ఖాళీగా తిరిగొస్తున్న పిడుగురాళ్ల లారీ ఒకటి మేం చెయ్యెత్తితే ఆగింది, డ్రైవరు మా యాస విని ఎక్కించుకున్నాడు. సైకిళ్ళు వెనక కట్టేశాం. పిడుగురాళ్లలో దిగుతామని టీచర్ నాన్నకు కబురు పెట్టారు. చెప్పడానికి సిగ్గు గానీ, ఆ కేబిన్లో కాలు చాపుకోగానే ప్రాణం లేచొచ్చింది. ఊరు దగ్గరయ్యే కొద్దీ మళ్ళీ నాన్న మీసమే గుర్తొచ్చింది. సాయంత్రం పిడుగురాళ్లలో లారీ ఆగేసరికి రోడ్డు పక్కన ఎవరో నిలబడి చెయ్యి ఊపుతున్నారు. గొంతు వినేదాకా నాన్నని పోల్చుకోలేదు. మీసం లేదు. పైపెదవి తెల్లగా, ముఖం పదో తరగతి కుర్రాడిలా ఉంది.

"ఎప్పుడు తీయించావు నాన్నా?"

"టీచరమ్మ ఫోను పెట్టేయగానే. సెంటర్లోనే తీయించా, చాటుగా ఎందుకు? మాజీ సర్పంచే పరిగెత్తుకొచ్చి, మాట వరసకు అన్నాలే, వదిలెయ్యరా అన్నాడు. నేనినలా." నా మోకాలు చూసి గొంతు తగ్గించాడు. "మీసం నెలకు మొలుస్తది. మోకాలు మొలుస్తదా? ముందే చెప్పొద్దటే, ఎర్రిమొగమా!"

ఎంత తేలికపడ్డానంటే, ఆ రోడ్డు మీదే నాన్నను పట్టుకుని నవ్వుతూ ఏడ్చాను.

కొన్నాళ్ళకు టీచర్‌ని అడిగాను, నా వల్ల మీ కన్యాకుమారి పోయింది కదా అని. "యాడికి పోద్ది? ఆడే ఉంటది" అన్నారు. మరుసటి వేసవిలో ఎవరికీ చెప్పకుండా బస్సులో సైకిలేసుకుని నాయుడుపేట పోయి, దిగిన చోటే ఎక్కి, ఒక్కరే వెళ్ళొచ్చారు.

నేనిప్పుడు చూసే దావాల్లో చాలావరకు ఆస్తి కోసం కాదు, ఒకసారి అనేసిన మాట కోసం నడుస్తాయి. పొలం గట్టు గురించి సొంత తమ్ముడితో కొట్లాడుతున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ప్రతి వాయిదాకూ మాచర్ల నుంచి బస్సులో నిలబడి వస్తాడు. పోయిన వారం ఆయన ఫైలు పక్కన పెట్టి, ముఖంలోకి చూసి అడిగాను. "పెదనాన్నా, ఇక్కడితో ఆగుదామా?"

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, ఎవరైనా వింటున్నారేమోనని తలుపు వైపు చూసి, మెల్లగా అడిగాడు. "ఆగొచ్చా అమ్మా?"