జైనూరుకు మోసిన జనుము

దసరా సెలవులకు ముందే చీటీ రాసి పెట్టుకున్నాను: టైగర్ మాత్, జైనూరు, కింద నా పేరు, చెరగని సిరాతో. నేను టీచరుగా ఉన్న కరీంనగర్ బడిలో పురుగులను గుచ్చి, చీటీలతో దాచే పెట్టె నాది. గోదావరి దాటితే పులి పేరున్న ఈ రెక్కల పురుగు ఉండదని మా హెడ్మాస్టరు, ఉంటుందని నేను, టీచర్లందరి ముందు పంతం పట్టాం. సెలవుల తర్వాత ప్రదర్శనలో పెట్టె తెరిస్తే ఎవరి మాట నిలుస్తుందో తేలుతుంది. నాకు అనుమానమేమీ లేదు.

ఉదయం ఆరింటి బస్సుకు పెద్దపల్లి చేరి, తొమ్మిదింటి పాసింజరు ఎక్కాను. సంచిలో వల, సీసా, మా పెరట్లో కోసిన జనుము కట్ట. ఈ పురుగుకు జనుమంటే ప్రాణం. బెల్లంపల్లి గనిలో పనిచేసే ఒకాయన అది కూరకా అని అడిగాడు. పులికి మేకను కట్టినట్టు ఇది ఎర అన్నాను. "ఆకు తినే పులి సుత ఉన్నదా సార్?" అని నవ్వాడు.

మధ్యాహ్నం ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో దిగి, పూరీ తిని, బస్సులో కెరమెరి వెళ్లి ప్రయాణికుల బంగ్లాలో పడుకున్నాను. దుప్పటి మనమే తెచ్చుకోవాలి. మర్నాడు కలప లారీలో చోటు దొరికి, పదింటికల్లా జైనూరులో ఉన్నాను.

సోంబాయి అనే గోండు రైతు తాళ్ల నార కోసం జనుము వేసింది. ఆమె చేనిగట్టున కట్ట పెట్టి కూర్చున్నాను. అరగంటలో పట్టపగలే నా పురుగు ఎగిరింది: తెల్లని రెక్కల మీద ఎర్రని, నల్లని చుక్కలు. ఒక్క విసురుతో వలలో పడింది. సంతోషం పట్టలేకపోయాను.

సోంబాయి నా కట్ట విప్పి చూసింది. ఆకుల మధ్య పల్చని గూడు, అప్పుడే చినిగింది, ఖాళీగా ఉంది.

"గిది మా ఊరిది కాదు సారూ. నీ సంచిలకెళ్లే వచ్చింది."

సిగ్గుతో తల దించుకున్నాను. నోరు మూసుకుంటే హెడ్మాస్టరుకు తెలిసేది కాదు. కానీ ఆమెకు తెలుసు, నాకు తెలుసు. పురుగును వేసిన సీసా మీద కరీంనగర్ అని రాశాను.

అప్పుడామె తన చేలోకి తీసుకెళ్లి ఒక కాయ చీల్చింది. లోపల నల్లని చారల గొంగళి, రెక్కలు రాకముందు ఆ పురుగు ఇలాగే ఉంటుంది. "మాయి గివి. చేదని కోళ్లు సుత ముట్టయి." అలాంటి కాయలు డబ్బా నిండా కోసిచ్చింది.

తిరుగు రైలు గోదావరి వంతెన దాటుతుండగా మూత తీసి చూశాను. ఒక గొంగళి గూడు అల్లుతోంది. జైనూరు అని ముందే రాసుకున్న సిరా చీటీని ఆ డబ్బాకు అంటించాను. జైనూరు వెళ్లేవాళ్లు వల, దుప్పటి తీసుకెళ్లండి. జనుము మాత్రం వద్దు, అక్కడ కావలసినంత ఉంది.