సోమప్ప కూత

రాయకోటలో సోమప్పను చూడకముందే అతని కూత వినబడేది. కోట కొండ కింద తాతల నాటి నుంచీ ఆ ఇంటికి గొర్రెలే బతుకు. ఒక్కో మందకు ఒక్కో కూత ఉంటుంది. దాన్ని తండ్రి కొడుక్కి తప్ప పరాయివాడికి నేర్పడు. "హుర్రో" అని ఎత్తుకుని, "హో" అని కిందికి జార్చాడంటే, ఎంత దూరాన ఉన్నా నల్లపొట్టేలు తల తిప్పేది. అది కదిలితే మంద కదిలేది.

కొడుకు శశికుమార్‌కు ఆ కూత పట్టుబడలేదు. హోసూరులో కంపెనీ షిఫ్టుకు పోయేవాడికి దానితో ఏం పని?

"నాతోనే పోతుందిలే ఇది" అనేవాడు సోమప్ప.

"పోనీ. గొర్రెలు గూడా నీతోనే వస్తాయా ఏమి?" అనేది భార్య కెంపమ్మ.

ఆదివారం వస్తే కొండ మీద జనం. పొద్దు గుంకేది చూడాలని హోసూరు నుంచీ, బెంగుళూరు నుంచీ కార్లేసుకుని వస్తారు. పడమటి కొసన పెద్ద బండ. దాని అంచు కింద ఒక మనిషి నిలబడేంత మెట్టు. మెట్టు కింద ఇక గాలే.

అట్లా వచ్చేవాళ్ళలో దర్శన్ ఒకడు. హోసూరులో గుడ్డల అంగడి వాళ్ళ అబ్బాయి. వెంట భార్య సుమ, చంకలో పాప.

"తాతా, ఇంకొక తూరి కూత పెట్టు" అన్నాడొక రోజు. పెట్టగానే, "నాకు గూడా నేర్పిస్తావా?" అన్నాడు.

ఆ మాట కన్నకొడుకే అడగలేదు. సోమప్ప మురిసిపోయాడు.

"గొంతులో నుంచి కాదప్పా. కడుపులో నుంచి రావాల."

కొన్నాళ్ళకు దర్శన్ కూతకు నల్లపొట్టేలు తల తిప్పింది. సోమప్ప చప్పట్లు కొట్టి నవ్వాడు. ఆ వెంటనే హెచ్చరించాడు కూడా: "పొద్దుకు ఎదురుగా మాత్రం పిలవద్దప్పా. కండ్లలో ఎండ పడితే గొర్రెకు నేల తెలీదు."

దర్శన్ ఫోను చూసుకుంటూ తలూపాడు.

సంగతి విని కెంపమ్మ మండిపడింది. "కూతను యాడైనా అరువిస్తారా? రేపు ఇంటికి బీగమేసి, ఆ బీగంచెయ్యి గూడా ఇచ్చేసి రా!"

"నేర్చుకుంటానంటే నేర్పినాను. తప్పేముందే?"

ఆ ఆదివారం సాయంత్రం ఒక గొర్రెపిల్ల ముళ్ళకంపలో ఇరుక్కుంది. సోమప్ప కొండకు తూర్పున కూర్చుని దాని కాళ్ళు విడిపిస్తున్నాడు. అప్పుడు వినబడింది, అచ్చం తన కూత. ఒక్క క్షణం అతని ఒళ్ళు పులకరించింది. ఆ తర్వాతే తెలిసింది, అది పడమటి నుంచి వస్తోందని.

పిల్లను వదిలేసి పరుగెత్తాడు.

దర్శన్ అంచు కింది మెట్టు మీదికి దిగి పిలుస్తున్నాడు. సుమ పాపను ఎత్తుకుని, పైన బండకు ఒక పక్కగా నిలబడి ఫోనులో వీడియో తీస్తోంది. మంద పొద్దుకు ఎదురుగా ఉరుకుతోంది.

"వద్దప్పా! పిలవద్దు!"

గాలికి ఆ కేక అందలేదు. ఇక మిగిలింది ఒక్కటే. సోమప్ప తన కూత తాను పెట్టాడు. నల్లపొట్టేలు సరిగ్గా అంచున ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. వెనక వస్తున్నవి ఆగలేదు. దాన్ని కిందికి తోసుకుంటూ దూకాయి. గొర్రెదాటు అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. ఒకటి పోతే దాని వెనక ఒకటి, ఎర్రటి ఎండలోకి.

సుమ పాప ముఖాన్ని రొమ్ముకు అదుముకుంది. దర్శన్ బండకు అతుక్కుపోయాడు. అతన్ని ఒక్కటీ తాకలేదు.

"అంచున వరసగా నిలుస్తాయి, ఫోటో బాగా వస్తుంది అనుకున్నా తాతా" అన్నాడు పైకెక్కి.

సోమప్ప అంచున వంగి కిందికి చూస్తున్నాడు. కింద ఇంకా ఏదో అరుస్తోంది.

వెనక నుంచి ఎవరో తమిళంలో అన్నారు, కాస్త పక్కకు జరగమని, పొద్దు గుంకిపోతోందని.

సోమప్ప జరిగాడు.

కెంపమ్మ కొండెక్కి వచ్చేసరికి జనం దిగిపోతున్నారు. దర్శన్ కారు అప్పటికే వెళ్ళిపోయింది. మిగిలిన గొర్రెలు చెదిరిపోయి పొదల్లో దూరాయి. చీకటి పడితే చిరుత తిరిగే కొండ అది.

"పిలువు" అంది కెంపమ్మ. "ఉండేవాటినైనా దించుకుందాము."

సోమప్ప ఊపిరి పీల్చి "హుర్రో" అని ఎత్తుకున్నాడు. పొదలు కదిలాయి. గొర్రెలు, ఇందాక అంచుకు లాక్కుపోయిన కూత ఇదేనన్నట్టు, ఒక్కసారిగా బెదిరి ఆ గొంతుకు దూరంగా, మళ్ళీ పడమటి బండ వైపే పరుగందుకున్నాయి.

కెంపమ్మ ఎగిరి అతని నోరు గట్టిగా మూసింది.