సమురాయ్ కూర్చున్న నాలుగు సెకన్లు

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఒక మేడ మూడో అంతస్తులో అభిరామి పదమూడేళ్లుగా వీడియో గేముల్లోని మనుషులను కదిలిస్తోంది. గేము ఎక్కడో దూరదేశంలో తయారవుతుంది. అందులోని మనిషి నడవాలన్నా, దూకాలన్నా, దెబ్బ తిని పడిపోవాలన్నా ఆ పని ఇలాంటి ఆఫీసులకు వస్తుంది. ఆమె పొద్దున సూలూరులో బస్సు ఎక్కి, సాయంత్రం అదే దారిన తిరిగి వస్తుంది. ముప్పై ఆరేళ్ల వయసుకే కుడి మణికట్టుకు పట్టీ వేసుకుని మౌసు పట్టుకుంటుంది.

మూడేళ్లపాటు ఆమె పనిచేసిన గేము పేరుకు తెలుగులో ‘ఏడో వంతెన’ అని అర్థం. అందులో వీరుడు పాతకాలపు జపాను యోధుడు, యాభై ఐదేళ్ల సమురాయ్. ఒక్కో వంతెన దాటడానికి వందలమందిని నరుక్కుంటూ పోవాలి. అభిరామి బృందం రెండు వందల పన్నెండు కత్తి దెబ్బలు తయారు చేసింది. పక్క నుంచి వేటు, కింది నుంచి వేటు, వెనక్కి తిరగకుండా వేసే వేటు. చివరి నెలల్లో ఆమెకు కూరగాయలు తరుగుతున్నా అవే గుర్తొచ్చేవి.

అన్నీ అయ్యాక ఒక చిన్న కదలిక మిగిలింది. పోరాటం ముగిసినచోట వీరుడు కాసేపు కూర్చుంటే ఒంట్లో బలం తిరిగి వస్తుంది. ఎలా కూర్చోవాలో చూపించడానికి కంపెనీ ఒక వీడియో పంపింది. అందులో పాతికేళ్ల నటుడు టక్కున పద్మాసనం వేసి కూర్చున్నాడు. అభిరామి దాన్ని పదిసార్లు చూసింది. అంత యుద్ధం చేసిన యాభై ఐదేళ్ల మనిషి అలా కూర్చోడు.

ఆమె తండ్రి అప్పసామి సూలూరు పవర్‌లూముల మధ్య ముప్పై నాలుగేళ్లు నిలబడి పనిచేసి మానేసినవాడు. ఒక ఆదివారం ఆమె ఆయన నడుముకు కత్తికి బదులు గొడుగు కట్టి, వరండాలో నిలబెట్టి, ఫోనుతో తీసింది.

“ఏంటికి అభీ ఇది?” అన్నాడు ఆయన ఇంటి తెలుగులో.

“సుమ్మా కూర్చో నాయనా. దినమూ కూర్చునేటట్లే.”

ఆయన మొదట వెనక్కి తిరిగి చోటు ఉందో లేదో చూసుకున్నాడు. స్తంభం పట్టుకుని కుడికాలు చాచాడు. ఎడమ మోకాలు మెల్లగా వంచి, సగంలో ఆగి, ఊపిరి వదిలి కూర్చున్నాడు. కూర్చున్నాక అరచేత్తో మోకాలు రుద్దుకున్నాడు. ఎనిమిదిసార్లు చేయించింది.

తల్లి రాజమ్మాళ్ లోపలినుంచి వచ్చి, “ఆ మోకాలు ఏం కావాల? డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు. కూతురు చెప్తే ఎనిమిది సార్లు కూర్చుంటాడు” అంది.

ఆ కూర్చోవడం నాలుగు సెకన్లు, నూట ఇరవై ఫ్రేములు. అభిరామి స్తంభం తీసేసి దాని బదులు నేలకు ఆనించిన కత్తి ఒర పెట్టింది. మిగతాదంతా తండ్రిదే. కంపెనీ ఒప్పుకుంది. అప్పసామి టీకొట్టులో అందరికీ చెప్పుకున్నాడు. తను జపానులో ఉన్నాడని.

ఈ ఏడాది ఫిబ్రవరిలో గేము వచ్చింది. విమర్శకులందరి సమీక్షలూ ఒకే సమయానికి బయటపడతాయి. మనకు అది మధ్యాహ్నం మూడున్నర. ఆఫీసు పెద్ద వసంతకుమార్ వాటిని గోడమీది తెరపై పెట్టాడు. అందరూ కుర్చీలు తిప్పుకుని కూర్చున్నారు.

మొదటిది పదికి ఏడు. రెండోది ఆరు. మూడోది మళ్లీ ఏడు. చెప్పిన మాట అందరిదీ ఒకటే. కత్తి దెబ్బలు చూడముచ్చటగా ఉన్నాయి, మొదటి మూడు గంటలు. తర్వాత వచ్చే శత్రువులు వాళ్లే, నరికే తీరూ అదే, చేతులు లాగుతాయి. ఒకతను, ఇరవై గంటలు ఆడాక తనకూ సమురాయికీ ఒకే రకం నీరసం వచ్చిందని రాశాడు. అది చదివి వెనక ఎవరో చిన్నగా నవ్వారు. అభిరామికి కోపం రాలేదు. ఆ రెండు వందల పన్నెండులో తొంభై మూడే గేములో ఉంచారని ఆమెకు తెలుసు. తక్కినవి ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత చాలామంది చూసే ఒక విమర్శకుడి వీడియో వచ్చింది. అతను సమురాయ్ కూర్చునే ముక్కను మూడుసార్లు తిప్పి తిప్పి చూపించాడు. “ఇది యుద్ధమా, ఆసుపత్రి క్యూనా? ఈ ముసలాయన కూర్చునేలోపు నేను టీ పెట్టుకుని వచ్చాను” అన్నాడు. రెండు రోజుల్లో ఆ ముక్క అందరి ఫోన్లలోకీ ఎక్కింది. కొందరు దానికి డోలు వాయిద్యం కలిపారు. కొందరు మంచానికి పట్టిన మనుషుల బొమ్మలు పక్కన అతికించారు. అభిరామి రెండు చూసి ఫోను పక్కన పెట్టేసింది.

మూడో రోజు వసంతకుమార్ ఆమెను పిలిచి తమిళంలో మెల్లగా చెప్పాడు. “కూర్చోవడం ఒక సెకను లోపలికి తేవాలంట. అప్‌డేట్‌లో పంపిస్తారంట. ఇంకెవరికైనా ఇమ్మంటావా?”

“వద్దు సార్. నేనే చేస్తాను.”

వెనక్కి చూడడం తీసేసింది. ఒర ఆనించడం తీసేసింది. సగంలో ఆగే చోటు, ఊపిరి, మోకాలు రుద్దుకోవడం తీసేసింది. నూట ఇరవై ఫ్రేముల్లో ఇరవై ఎనిమిది మిగిలాయి. మధ్యాహ్నం భోజనంలోపు పని అయిపోయింది.

ఆ వేటుతో గేముకు పేరేమీ పెరగలేదు. ఒకరిద్దరు విమర్శకులు మళ్లీ ఆడి అర మార్కు కలిపారు. శత్రువులు వాళ్లే కదా.

ఇంట్లో ఆమె ఏమీ చెప్పలేదు. ఒక ఆదివారం అప్పసామే అడిగాడు.

“నన్ను చూపీ అభీ. అంతా వచ్చేసినాదంట కదా.”

ఆమె లాప్‌టాప్ తెరిచింది. పాతది చూపించొచ్చు, ఆయనకు తెలియదు. కానీ కొత్తదే చూపించింది. సమురాయ్ టక్కున కూర్చున్నాడు. అప్పసామి ఇంకోసారి వేయమన్నాడు. మళ్లీ ఇంకోసారి.

“ఇది నేను కాదే.”

“కాదు నాయనా. చూసినోళ్లు శానా సేపు అవుతా ఉండాదని నవ్వినారు. కోసేయమన్నారు.”

“ఎవరు కోసినారు?”

“నేనే.”

ఆయన మళ్లీ తెరకేసి చూశాడు. తర్వాత, “వీనికి మోకాలు నొప్పి లేదు. పరవాలేదు, మంచిదే” అన్నాడు. లేవడానికి చెయ్యి చాస్తే ఆమె పట్టుకుని లేపింది. ఆ వారం నుంచి ఆయన టీకొట్టుకు వెళ్లినా ఆ మాట ఎత్తలేదని రాజమ్మాళ్ చెప్పింది.

ఆఫీసులో కొత్త పని మొదలైంది. ఈసారి గుర్రాల మీది విలుకాళ్లు. ఒక మధ్యాహ్నం గుర్రం డెక్కలు సరిచేస్తూ విసుగొచ్చి అభిరామి పాత సమీక్షలు చివరిదాకా చదివింది. అన్నిటికన్నా అడుగున ఒక చిన్న వెబ్‌సైటులో ఎవరో ఒకతను ఐదే ఇచ్చాడు. అందరికన్నా తక్కువ. గేమునంతా తిట్టిపోసి, చివర ఇలా రాశాడు. ‘ఈ మనిషి కత్తి పట్టినప్పుడు నేను ఒక్కసారీ నమ్మలేదు. కూర్చున్నప్పుడు మాత్రం నమ్మాను. ఇతను బతుకంతా నిలబడే ఉన్నాడు అనిపించింది.’

ఆమె దాన్ని రెండుసార్లు చదివి, కిందున్న చిరునామాకు ఒక చిన్న ఉత్తరం పంపింది. ఆ కూర్చున్నది మా నాన్న, ముప్పై నాలుగేళ్లు పవర్‌లూముల మధ్య నిలబడ్డాడు, ఇప్పుడు అది గేములో లేదు అని. జవాబు పదకొండు రోజులకు వచ్చింది. మార్కులు మార్చలేనని మొదట చెప్పాడు. తర్వాత, తను అప్‌డేట్ పెట్టుకోలేదని, తన దగ్గర ఆయన ఇంకా అలాగే కూర్చుంటున్నారని రాశాడు.

ఆ శనివారం ఎట్టకేలకు మోకాలు చూపించుకోవడానికి అప్పసామి ఒప్పుకున్నాడు. డాక్టరు గది బయట బెంచీ మీద ఆయన పక్కన కూర్చుని అభిరామి ఆ ఉత్తరాన్ని ఇంటి తెలుగులో చెప్పింది.

“ఎంత మార్కు వేసినాడు వాడు?”

“ఐదు.”

“పదికా?”

“ఆఁ, పదికే.”

“ఐదు వేసినోడే అంత బాగా చూసినాడా,” అన్నాడు ఆయన. “వానికి ఊరేది?” అని అడిగాడు.

“తెలీదు నాయనా. అడగలేదు.”

“అడుగు,” అన్నాడు. అంతలో లోపలినుంచి ఆయన పేరు పిలిచారు.