పెద్దమ్మ నింపిన దుప్పి తూటాలు

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం భోజనాలయ్యాక మా పెద్దమ్మ వసారాలో చేట ముందేసుకుని కూర్చుంటే, కొత్తవాళ్లు బియ్యం ఏరుతోందేమో అనుకునేవారు. దగ్గరికొచ్చి చూస్తే చేటలో ఇత్తడి తూటాలుండేవి...

సంతబొమ్మాళి దగ్గర మా ఊరు. పంట కాపలా కోసం పెదనాన్నకి లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకి ఉండేది. కాల్చేసిన తూటాల తొడుగులు పారేయకుండా ఇంట్లోనే మళ్లీ నింపుకునేవారు. ఆయనకి దూరం చూపు బాగున్నా దగ్గరి చూపు ఆనేది కాదు. అందుకని ఆ పని పెద్దమ్మది. పొయ్యి పూర్తిగా ఆరాకే మొదలుపెట్టేది. మందు, సీసపు రవ్వలు, వాటి మధ్య అట్టబిళ్లలు... పాత శుభలేఖలు గుండ్రంగా కత్తిరించి ఆ బిళ్లలు చేసివ్వడం నా వంతు.

అడవిపందులకి ఒక రకం రవ్వలు, దుప్పికి ఇంకో రకం. అందుకే దుప్పి తూటాలు వేరే బరిణెలో ఉండేవి.

పందులంటే పెదనాన్నకి కోపం... చిలగడదుంపల మడిని తెల్లారేసరికి దున్నిపోసేవి. దుప్పంటే మాత్రం ఇష్టం. ఇష్టమంటే తినడానికి. దుప్పి మాంసం వండిన రోజు వీధిలో అందరిళ్లకీ గిన్నెలు వెళ్లేవి.

ఒక ఏడాది ఏమైందో తెలీదు... పందుల మీదికి మామూలుగా పేలే తుపాకి, దుప్పి మీద గురిపెడితే తుస్సుమనడం మొదలుపెట్టింది. దుప్పి తలెత్తి చూసి, నెమ్మదిగా జీడితోటలోకి నడిచి వెళ్లిపోయేదట.

"మందు సెమ్మగిల్లిపోనాది కావాల" అన్నారు పెదనాన్న. కొత్త మందు తెచ్చారు. మళ్లీ అంతే.

ఆయనతో వేటకి వెళ్లే అప్పన్న మావ తుపాకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి దిట్టి తగిలింది బావా. నిమ్మకాయ కట్టు" అన్నాడు. కట్టారు. నిమ్మకాయ ఎండిపోయింది గానీ తుపాకి పేలలేదు. మా అమ్మ అది అమ్మవారి కోపమంది. పెద్దమ్మ మాత్రం ఎప్పటిలాగే చేట ముందేసుకుని నింపుతూనే ఉండేది...

ఆ వేసవిలో జీడిపళ్లు రాలుతున్నాయి. ఒకరోజు తెల్లవారుతూనే ఇద్దరూ దుప్పి కోసం తోటలోకి వెళ్లారు. చెట్టు కింద పళ్లు తింటున్నది దుప్పి కాదు... పిల్లతో ఉన్న ఎలుగుబంటి. పెదనాన్న దుప్పి తూటా ఉన్న తుపాకినే ఎత్తి మీట నొక్కారు. తడిసిన టపాకాయలా చిన్న చప్పుడు, అంతే. ఎలుగు ఆయన మీద పడిపోయింది. అప్పన్న మావ కర్రతో బాదుతూ ఊరంతా వినిపించేలా అరిస్తే గానీ వదల్లేదట. భుజం, తల చీరుకుపోయిన మనిషిని నులకమంచం మీద మోసుకొచ్చి, జీపులో టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆయనకి తెలివొచ్చిందని కబురొచ్చాక అమ్మతో పాటు నేనూ వెళ్లాను. తలంతా కట్టు... ఒక్క కన్ను కనిపిస్తోంది. పెద్దమ్మ కాళ్ల దగ్గర నిలబడి ఉంది.

"నానే మందు ఎయ్యనేదు" అంది హఠాత్తుగా. "దుప్పి తూటాల్లో బొగ్గుపొడి పోసినాను."

అమ్మ చేతిలోని క్యారేజీ మంచానికి తగిలి గలగలమంది. పెదనాన్న ఆ ఒక్క కన్నూ పెద్దమ్మ వైపు తిప్పారు.

"ఎందుకలాగ సేసినావు?"

"పోనేడు నువ్వు తెచ్చిన దుప్పి కడుపులో పిల్ల ఉంది. కోసినదాన్ని నాను కదా."

ఆయన ఇంకేదైనా అంటారని చూశాను. తిడతారేమో, ఏడుస్తారేమో అనుకున్నాను. "దాహమేత్తంది, నీళ్లియ్యి" అన్నారు.

వరండాలోకి వచ్చాక అమ్మ నిలదీస్తే పెద్దమ్మ ఇంకో మాట చెప్పింది. "ఫారెస్టోళ్లు అట్టుకుపోతారని బయమేసింది. జైల్లో ఎడితే నాకెవులున్నారు?" అప్పన్న మావకి మరోలా... చీకట్లో ఏది మందో ఏది బొగ్గో తెలియలేదంది. పట్టపగలు, వసారాలో, తన పక్కనే కూర్చుని బిళ్లలు కత్తిరించినదాన్ని నేను. నాకే ఏమీ కనిపించలేదు...

పెదనాన్న బతికారు. కుడిచెయ్యి మాత్రం భుజం పైకి లేచేది కాదు. వానలు పడ్డాక పందులు మళ్లీ మడిలో దిగాయి. ఆ మధ్యాహ్నం ఆయన ఎడమచేత్తో చేట తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు.

"నింపు."

పెద్దమ్మ దాన్ని ముట్టుకోలేదు. "నన్నెలాగ నమ్ముతావు?" అంది.

"మరెవులు నింపుతారు?" అన్నారాయన, అదేదో అడగక్కర్లేని మాటైనట్టు.

నింపింది. అప్పన్న మావ కాల్చాడు. అన్నీ పేలాయి. దుప్పి తూటాల ఊసు ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పెద్దయ్యాక ఒకసారి పెద్దమ్మని అడిగాను, అందరికీ చెప్పినదాంట్లో ఏది నిజమని. "ఏటో గుంటా... ఆ యేలకి అలాగనిపించింది" అంది. పెదనాన్ననీ అడిగాను, కోపం రాలేదా అని. "దేనికి?" అన్నారు. నిజంగానే దేని గురించి అడుగుతున్నానో తెలియనట్టు చూశారు. మర్చిపోయారా, మర్చిపోయినట్టు ఉన్నారా... ఇప్పటికీ నాకు తేలలేదు.

ఏవో ఎన్నికలప్పుడు పెదనాన్న తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించి, తర్వాత తెచ్చుకోవడానికి వెళ్లలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఎలుగులు ఏకంగా వీధుల్లోకే వస్తున్నాయి, వీడియోలు నా ఫోన్‌కి వస్తాయి. దుప్పి కనిపించిందని మాత్రం మా వైపు ఎవరూ చెప్పగా వినలేదు.

ఆ రోజుల్లో పెద్దవాళ్లు దేనికీ సరైన కారణం చెప్పేవారు కాదు... ఒకరినొకరు అడిగేవారూ కాదు. ఇప్పుడు మా ఇంట్లో ప్రతిదానికీ కారణాలు చెప్పుకుంటాం, గంటలు గంటలు. అయినా ఆ ఇద్దరూ కలిసి ఉన్నట్టు మేం ఉన్నామా అంటే... ఏమో.

మీ ఇళ్లలోనూ ఇలా అర్థం కాకుండానే వెళ్లిపోయిన పెద్దవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల గురించి ఇక్కడ రాయండి... చదవాలనుంది.