శంకరయ్య సార్ మీద గెలిచిన ఆట

మొన్న ఆదివారం సూరత్ దగ్గరి డుమస్ బీచ్‌లో ఒక టీ కొట్టు ముందు ఇద్దరు పెద్దవాళ్లు చదరంగం ఆడుతున్నారు. చెక్క పావు బల్లకు తగిలి టక్కుమన్న చప్పుడు వినగానే శంకరయ్య సార్ గుర్తొచ్చారు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, పని చేసుకుంటూనే చదువుకొని, హజీరాలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి అయిన మనిషి. నా మొదటి ఉద్యోగంలో ఆయనే నా పైఅధికారి. నేను సూరత్‌లోని లింబాయత్‌లో పెరిగిన మగ్గం కార్మికుడి కూతుర్ని. మా ఇంట్లో ఇంజనీరు ఉద్యోగం చేసిన మొదటిదాన్ని.

ఆ ఏడాది ఫ్యాక్టరీ చదరంగం పోటీ సెమీఫైనల్లో నాకు ఆయనే ఎదురుపడ్డారు. నన్ను పర్మనెంట్ చేసే కాగితం అప్పటికి సంతకం కోసం ఆయన ఆఫీసు బల్ల మీదే ఉంది. నాకు నల్లపావులు. ఆయన మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపి ఆట మొదలుపెట్టారు. కాసేపటికి నాకు దారి కనిపించింది. ఆయన రాజు ఇంకా నడుమనే ఉన్నాడు. నా గుర్రం దూకితే రాజుకు చెక్, మూలనున్న ఏనుగు నాది. చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను.

"డ్రా చేసుకుందామా సార్?"

ఆయన బోర్డును చూసి, నన్ను చూశారు. "నీకు కనవడ్డదే నాకూ కనవడ్డది. డ్రా ఎందుకు?"

"ఊరికే సార్," అన్నాను.

"నాకు భయపడి గిట్ల ఆడితే, రేపు ప్లాంట్ల నేను తప్పు చేస్తే ఏం జేస్తవ్ బిడ్డా? గప్పుడు గూడ నోరు మూసుకుంటవా?"

గుర్రాన్ని దూకించాను. మరికొన్ని ఎత్తులకు ఆయన రాజును పడుకోబెట్టి చేయి కలిపారు. ఆయనకు బాధ కలగలేదని చెప్పను. రెండు రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. మూడో రోజు సంతకం పెట్టిన కాగితం నా చేతికిచ్చి, "రాజును జర ముందుగాల్నే మూలకు పంపాల్సి ఉండె," అన్నారు. అంతే.

ఆ వానాకాలంలో ఒకసారి ఆయన గ్యాస్ లైను వాల్వు తెరవమన్నారు. మీటరు చూస్తే ఒత్తిడి ఎక్కువగా ఉంది. "వద్దు సార్," అన్నాను. ఆయన వచ్చి మీటరు చూశారు. "మంచిగ చెప్పినవ్," అన్నారు నెమ్మదిగా.

ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ షిఫ్టు నాది. కొత్తగా చేరినవాళ్లు నా మాటకు వెంటనే తల ఊపితే నాకు నిశ్చింత కలగదు. "మీకేమనిపిస్తోంది?" అని అడిగి, వాళ్లు నోరు విప్పేదాకా ఆగుతాను.